ఇంకో జత ఉంది కదా

టెలిఫోను లైన్ల పరీక్ష గదిలో అందరూ ఆయన్ని చుట్టలాయన అనేవారు. జన్మలో ఒక్కసారైనా పొగ పీల్చిన మనిషి కాదు. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు ఆ పేరు విని, పెద్దాయన్ని మంచి చేసుకుందామని అగ్గిపెట్టె, బూడిద పళ్ళెం తెచ్చి బల్ల మీద పెట్టాడు. గది గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. చుట్టలాయన నవ్వలేదు, కోప్పడలేదు. ఆ పళ్ళెంలో మరలూ మేకులూ వేసుకుని, "పనికొచ్చే వస్తువే తెచ్చావయ్యా" అన్నాడు.

ఆయన చుట్టలు వేరు. అవి ఇనుప కడియం మీద సన్నటి రాగితీగ చుట్టి చేసినవి. ఊరి ఎక్స్ఛేంజి నుంచి కొండమీది ఎక్స్ఛేంజి దాకా భూమిలో ఒక లావాటి కేబుల్ పాతి ఉండేది. దాని కడుపులో జతలు జతలుగా తీగలు. రెండు తీగలు కలిస్తే ఒక జత, ఒక్కో జత మీద ఒక్కో సంభాషణ. అంత దూరం ఒట్టి తీగ మీద వెళితే మనిషి గొంతు దారిలోనే నీరసించి చచ్చిపోతుంది. అందుకని మైలు దాటగానే ఒక గొయ్యి తవ్వి, ఇనుప డబ్బాలో ప్రతి జతకూ ఒక చుట్ట అమర్చి, మూత బిగించి పాతిపెట్టేవారు. గొంతు ఒక చుట్ట నుంచి తీగలోకి, తీగ నుంచి తరువాతి చుట్టలోకి, చేతులు మారుతూ సాగేది.

కొత్తవాళ్ళకి ఈ సంగతి చెప్పాల్సివస్తే చుట్టలాయన గూడ్సు బండి గురించి చెప్పేవాడు. "ఇంజను ఒక కుదుపు కుదిపిందనుకో. ఆ కుదుపు పెట్టె నుంచి పెట్టెకి పాకుతూ చివరిదాకా పోతుంది. పెట్టెలన్నీ ఒకే బరువుంటే సాఫీగా పోతుంది. మధ్యలో ఒక్క పెట్టె మిగతావాటికన్నా బరువుందా, కుదుపు దానికి కొట్టుకుని కొంత వెనక్కొస్తుంది, కొంతే ముందుకెళ్తుంది. మన లైనూ అంతే. ఏదో ఒక డబ్బాలోకి నీళ్ళు దిగి చుట్ట పాడైతే, మాట్లాడేవాడికి తన గొంతు తనకే తిరిగొస్తుంది. అవతలివాడికి సగమే చేరుతుంది."

పాడైన చుట్ట ఎక్కడుందో కనిపెట్టడం ఆయన పని. తీగలోకి సన్న స్వరమూ లావు స్వరమూ మార్చి మార్చి పంపి, తిరిగొచ్చినదాన్ని మీటరు మీద చూసి లెక్కగడితే ఎన్నో గొయ్యి తవ్వాలో తేలేది. కాని ఈ పరీక్షకి రెండో కొసలోనూ ఒక మనిషి ఉండాలి. ఒకరు స్వరం పంపితే ఒకరు చదవాలి. జనం ఫోన్లు మొదలుపెట్టకముందే, వారానికోసారి, తెల్లవారుతుండగా ఈ పని జరిగేది.

ఆయనకి ఇంకా ముప్ఫై నిండని రోజుల్లో, కొండమీది కొసలో ఒక అమ్మాయి చేరింది.

మొదటి రోజు ఆమె అడిగిన మొదటి మాట, "ఏమండీ కిందివారూ, మీ దగ్గర మీటరు సూది ఎంత చూపిస్తోంది?"

"కిందివారేమిటండీ?"

"మీ ఊరు కిందుంది, మా ఊరు కొండమీదుంది. నేను చెప్పింది తప్పా?"

"తప్పేం లేదు పైవారూ. పైవారి మాట కాదనే ధైర్యం కిందివారికెక్కడిది?"

అటువైపు నుంచి పకపకా నవ్వు వచ్చింది. అంతదూరం అన్ని చుట్టలు దాటుకుని వచ్చిన నవ్వు. ఆ రోజు మొదలు ఇద్దరూ ఒకరికొకరు కిందివారూ పైవారూ అయిపోయారు. అసలు పేర్లతో పనే పడలేదు.

ఇక్కడ ఆయన గురించి ఒక మాట చెప్పాలి. నలుగురిలో ఆయన నోట్లో నాలుక లేనట్టుండేవాడు. ఎవరైనా ఆడపిల్ల ఎదురుగా నిలబడి టైమెంతయిందని అడిగినా గడియారం చూపించేవాడు తప్ప నోరు విప్పేవాడు కాదు. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే అక్కే పెంచింది. ఆమె ఇంట్లోనే, బావా పిల్లల మధ్య, ముందుగదిలో మడతమంచం ఆయనది. అక్క కుట్టుమిషను తొక్కుతూ రోజూ ఒకసారి అడిగేది, "ఆ చుట్టలతోనే కాపురం చేస్తావట్రా?" ఆయన చిన్నగా నవ్వి చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయేవాడు. అటువంటి మనిషికి చెవికి ఫోను ఆనించగానే ఎక్కడ లేని మాటలూ వచ్చేవి. ఎదుట ముఖం లేదు కదా, సిగ్గుపడడానికి.

అలా మూడేళ్ళు గడిచాయి. పరీక్ష పావుగంటలో అయిపోతే కబుర్లు అరగంట సాగేవి. ఆమె కిటికీ బయట పొగమంచు ఎంతవరకు దిగిందో చెప్పేది. ఆయన బావ గురక గురించి చెప్పేవాడు. ఆమె ఒకసారి, "మీరు ఎలా ఉంటారండీ?" అని అడిగింది.

"మీటరు సూదిలా ఉంటాను. సన్నగా, వణుకుతూ."

"నేను డబ్బాలో చుట్టలా ఉంటాను. గుండ్రంగా, బరువుగా" అందామె. ఆ పూట ఇద్దరికీ నవ్వాగక పరీక్ష మళ్ళీ మొదటినుంచీ చేయాల్సివచ్చింది.

బస్సెక్కితే ఒక పూట ప్రయాణం. వెళ్ళి చూడాలని ఆయనకి ఎన్నోసార్లు అనిపించింది. ఒకసారి కొత్త చొక్కా కుట్టించుకుని బస్టాండు దాకా వెళ్ళాడు కూడా. బస్సు వచ్చాక, ఎదుట నిలబడితే నోరు పెగలదన్న సంగతి గుర్తొచ్చింది. ఫోనులో ఇంత చలాకీగా మాట్లాడేవాడు ఇతనేనా అని ఆమె అనుకుంటుందేమో! కళ్ళముందే బస్సు కదిలి వెళ్ళిపోయింది. అక్క చొక్కా చూసి, "ఎక్కడికిరా?" అంటే, "కొలత సరిపోయిందో లేదో చూసుకుందామని" అన్నాడు.

ఆ ఏడు వానలు ముందే మొదలయ్యాయి. కేబుల్లో వాళ్ళు మాట్లాడుకునే జత మీద కొద్దికొద్దిగా గొంతు తిరిగిరావడం మొదలైంది. ఎక్కడో ఒక డబ్బాలోకి నీళ్ళు దిగుతున్నాయని ఆయనకి తెలుసు. ఏ గొయ్యో కూడా లెక్కగట్టాడు. గోతిలోకి దిగి అతుకులు వేసే జాయింటరు తాతని అడిగితే, "నీ జత ఒక్కటే పాడైంది. అవతల వంతెన దగ్గర వేరే ఊరి కేబులు మొత్తం తెగింది. వాన వెలిశాక చూద్దాం బాబూ" అన్నాడు. ఆయనా సరేనన్నాడు. పై అధికారులకి గట్టిగా చెప్పి ఉంటే రెండోరోజే అయిపోయే పని.

మరుసటి పరీక్షరోజుకి లైను బాగా దిగజారింది. ఆయన "హలో" అంటే ఆ "హలో" తిరిగొచ్చి చెవిలో కొట్టుకునేది. ఆమె మాట దాని కింద ఎక్కడో నలిగినట్టు వినిపించేది. ఆయన "హలో, వినిపిస్తోందా, హలో" అంటూనే ఉన్నాడు. ఆమె చాలాసేపు ఏదో మాట్లాడింది. మధ్యలో ఆగింది, మళ్ళీ మాట్లాడింది. ఆయన చెవిన పడ్డవి మూడే ముక్కలు. "ఎన్నాళ్ళని ఇలా..." "...ఇంకెంత ఆలస్యమైతే..." "...వచ్చి చూస్తారా?"

ఆయనకి అర్థమైపోయింది. లైను ఇలా ఎన్నాళ్ళు, మీ మనుషులు వచ్చి చూస్తారా అని అడుగుతోంది. జాయింటరు తాత చెప్పిన మాటే తన మాటగా చెప్పాడు. ఆ గోలలో వినబడాలని గొంతు పెంచి, ఒక్కో మాటా విడదీసి మరీ చెప్పాడు.

"ఇప్పుడేం తొందర లేదులెండి! వానలు తగ్గాక చూద్దాం! ఈ జత కుదరకపోతే వదిలేద్దాం, ఇంకో జత ఉంది కదా!"

ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"పైవారూ, విన్నారా?"

"విన్నాను" అందామె. ఆ ఒక్క మాట మాత్రం, ఎందుకో, శుభ్రంగా వినిపించింది. తరువాత లైను తెగిన చప్పుడు. వానే తెంపిందనుకున్నాడు.

మరుసటి పరీక్షకి అటువైపు నుంచి మగ గొంతు పలికింది. "ఆవిడ బదిలీ పెట్టుకున్నారండి. నిన్ననే వెళ్ళిపోయారు."

"ఎక్కడికి?"

"తెలీదండి. ఎక్కడికైనా ఫరవాలేదు, ఇక్కణ్ణుంచి తొందరగా పంపండని పై ఆఫీసుకి రాశారట."

ఆయనకి మొదట నమ్మబుద్ధి కాలేదు. తరువాత కోపం వచ్చింది. మూడేళ్ళ స్నేహం, చెప్పి వెళ్ళడానికి ఒక్క మాట కరువైందా అనుకున్నాడు. పై ఆఫీసుకి ఒక్క ఫోను కొడితే ఎక్కడుందో తెలిసేది. ఆ ఆఫీసుతో ఆయన రోజూ మాట్లాడేవాడు. అయినా అడగలేదు. ఆమె వద్దనుకున్నాక నేనెందుకు వెంటపడాలి అని బిగుసుకుపోయాడు. మెత్తటి మనిషికి పంతం వస్తే అది ఒక పట్టాన వదలదు.

వాన వెలిశాక జాయింటరు తాత గొయ్యి తవ్వి డబ్బా మూత ఊడదీశాడు. లోపలినుంచి చెంబుడు నీళ్ళు కారాయి. పాడైన చుట్ట తీసి కొత్తది వేశాడు. లైను గంట కొట్టినట్టుంది. అటువైపు ఆ మగమనిషి నీరసంగా అంకెలు చదువుతున్నాడు. ప్రతి అంకె స్పష్టంగా వినబడుతోంది.

అక్క రెండు మూడు సంబంధాలు తెచ్చింది. ఆయన కాదనలేదు, అవుననలేదు. చూసిన వాళ్ళకి ఆయన మౌనం నచ్చలేదు. నలభై దాటాక అక్క అడగడం మానేసింది. "నీ మనసులో ఎవరన్నా ఉన్నారట్రా?" అని మాత్రం ఒకసారి అడిగింది. "ఎవరున్నారే!" అన్నాడు. ఆమె చాలాసేపు ఆయన ముఖం చూసి, మిషను తొక్కడం మొదలుపెట్టింది.

జుట్టు నెరిశాక, గాజునారలో వెలుగు పంపి మాట్లాడించే కొత్త లైన్లు వస్తున్నాయని, పాత కేబుళ్ళు తీసేస్తారని కబురొచ్చింది. పాతవాళ్ళనీ కుర్రాళ్ళనీ కొత్తపని నేర్చుకోవడానికి శిక్షణ కేంద్రానికి పంపారు. చుట్టలాయన వెనక బెంచీలో కూర్చున్నాడు. పాఠం చెప్పేది ఒక పెద్దావిడ. కళ్ళజోడు, నెరిసిన పాపిట, చురుకైన గొంతు. ముందుపళ్ళ మధ్య సందుండటం వల్ల "స" అన్నప్పుడల్లా సన్నగా ఈల వేసినట్టుండేది. కుర్రాళ్ళు వెనక దాన్ని అనుకరించి నవ్వుకునేవారు. చుట్టలాయనకి ఆ నవ్వు నచ్చలేదు. అంతకుమించి ఆమె గురించి ఏమీ అనుకోలేదు. రెండు రోజులు ఆమె ఎదుటే కూర్చుని నోట్సు రాసుకున్నాడు.

మూడోనాడు ఆమె ఒక పాత చెక్కపెట్టె తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత తీస్తే లోపల వరుసగా చుట్టలు. చుట్టకీ చుట్టకీ మధ్య, మైలు పొడుగు తీగకి బదులుగా, ఒక్కో కెపాసిటరు.

"ఇది కేబుల్ నమూనా. మైళ్ళకొద్దీ ఉండే లైను ఈ పెట్టెలో ఉంది" అందామె. "దీనికో గుణముంది. ఒక హద్దు దాటిన సన్నని స్వరాలని ఈ గొలుసు మోయలేదు. స, శ లాంటివాటిలో పదునంతా మొదటి చుట్టల దగ్గరే ఉండిపోతుంది. మీరు పారేయబోయేది ఏమిటో ఒకసారి వినండి. ఎవరైనా పక్కగదిలోకి వెళ్ళి ఆ ఫోను తీయండి."

పాత కేబుల్ మనిషి కదా అని అందరూ చుట్టలాయన్ని లేపారు. ఆయన పక్కగదిలోకి వెళ్ళి ఫోను చెవికి పెట్టుకున్నాడు.

"హలో, వినిపిస్తోందా? ఒకటి, రెండు, మూడు..."

ఆయన పక్కనే ఉన్న స్టూలు పట్టుకున్నాడు. ఆ ఈల లేదు, ఆ పదును లేదు. గొంతు ఇరుకై, గుండ్రమై, ఎన్నో ఏళ్ళ కిందట తెల్లవారుజామున కొండ దిగి వచ్చిన గొంతై వినిపించింది.

"హలో? వినిపిస్తే మాట్లాడండి."

"పైవారూ" అన్నాడు.

పెట్టెకి అటువైపు, గోడకి అవతల, ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు. చాలా నెమ్మదిగా వచ్చింది జవాబు.

"కిందివారా?"

పాఠం అయ్యాక వరండాలో ఇద్దరూ టీ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఎదుట నిలబడ్డాక ఆయనకి మళ్ళీ మాట రాలేదు. ఆమే మాట్లాడింది. భర్త డ్రాయింగు మాస్టరు, ఒక కూతురు, ఆ పిల్లకీ పెళ్ళయింది.

"నా బతుకు బాగానే గడిచిందండీ. అబద్ధమెందుకు చెప్పాలి?" అంది. "కాని కొన్నాళ్ళు మీరంటే ఒళ్ళు మండిపోయేది. ఒక ఆడపిల్ల సిగ్గు విడిచి అడిగితే, అంత చులకనగా చెప్తారా?"

"ఏమడిగారు?"

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. ఎగతాళి చేస్తున్నాడేమోనని చూసింది.

"ఎన్నాళ్ళని ఇలా తీగల మీద మాట్లాడుకుంటాం, ఇంట్లో సంబంధం ఖాయం చేస్తున్నారు, ఇంకెంత ఆలస్యమైతే అంత చేయి దాటిపోతుంది, ఒకసారి మా ఇంటికి వచ్చి చూస్తారా అని అడిగాను. మీరు తొందర లేదన్నారు. ఈ జత కుదరకపోతే వదిలేద్దాం, ఇంకో జత ఉంది కదా అన్నారు."

ఆయన చేతి గ్లాసులోంచి టీ ఒలికి చొక్కా మీద పడింది.

"అది తీగల జతండీ... కేబుల్లో... నాకు ఆ రోజు నా గొంతే తిరిగొస్తోంది. మీరు లైను గురించి అడుగుతున్నారనుకున్నాను."

ఆమెకి మొదట నవ్వొచ్చింది. ఆ పాత పకపకే. అది సగంలోనే ఆగిపోయింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది.

"జతంటే ఏమిటో నాకు మాత్రం తెలీదా? నేనూ పరీక్ష గదిలో మనిషినే కదా. అందుకే మరీ కష్టమనిపించింది. మీరు మాటకారి. నేనడిగింది విని, నొప్పించకుండా కాదనడానికి ఆ మాట అడ్డం పెట్టుకున్నారనుకున్నాను. ఎంత బాగా తప్పించుకున్నాడో అనుకున్నాను."

"నాకంత తెలివెక్కడిది!"

"మళ్ళీ చెప్పండి అని ఒక్కసారి అడిగి ఉంటే..."

"అడిగి ఉంటే" అన్నాడాయన. గంట మోగింది. ఆమె తరువాతి తరగతికి వెళ్ళింది. శిక్షణ చివరిరోజున మిగతావాళ్ళతో పాటే ఆయనకీ సర్టిఫికెట్ ఇచ్చి, "ఆరోగ్యం చూసుకోండి" అంది. మళ్ళీ కలుద్దామని ఆమె అనలేదు, ఆయన అనలేదు. అదే మంచిదని ఇద్దరికీ తెలుసు.

ఆ తరువాతి ఏడు పాత కేబుల్ పైకి లాగి రాగి కోసం తూకానికి అమ్మేశారు. ఆయన రిటైరయ్యాడు. అక్క ఇంటి ముందుగదిలోనే ఉన్నాడు. బావ పోయాడు. అక్క పిల్లలు, వాళ్ళ పిల్లలు వచ్చిపోతూ ఉండేవారు. ఆయనకి ఒక అలవాటు పట్టుకుంది. ఎవరేం చెప్పినా, "ఏమన్నావు? ఇంకోసారి చెప్పు" అనేవాడు. ఉప్పెక్కువైందన్నా ఇంకోసారి చెప్పించుకునేవాడు. పాలవాడు రేపు రానన్నా ఇంకోసారే. అక్కకి ప్రాణం విసిగిపోయింది. చెవుడు వచ్చిందని నిర్ధారణ చేసుకుని చెవి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరు ఆయన్ని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఫోన్లు తగిలించి, సన్న స్వరమూ లావు స్వరమూ వినిపించాడు. వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నాడు. ఆయన ఒక్కటీ వదలకుండా నొక్కాడు. డాక్టరు బయటికి వచ్చి, "అమ్మా, ఈ వయసుకి ఇంత మంచి చెవులు నేను చూడలేదు. మా సిబ్బందికన్నా బాగా వింటున్నారు" అన్నాడు.

బస్టాపు బెంచీ మీద కూర్చున్నాక అక్క అందుకుంది. "నిక్షేపంగా వినపడుతుంటే ఎందుకురా ప్రతిదీ రెండుసార్లు చెప్పిస్తావు? నన్ను చంపడానికా?"

అప్పుడు చెప్పాడు. కిందివారి సంగతి, పైవారి సంగతి, నీళ్ళు దిగిన డబ్బా సంగతి, వరండాలో ఒలికిన టీ సంగతి. ఎక్కాల్సిన బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఇంకోటీ వెళ్ళింది. అక్క కదల్లేదు. అంతా విని, చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

"ఆ పిల్లయినా రెండోసారి అడగాల్సింది కదరా" అంది చివరికి.

"ఒకసారి అడగడమే గొప్ప. రెండోసారి నేను అడిగించుకోవాల్సింది అక్కా."

"నాకు చెప్పొద్దూ? నేనడిగాను కదా, ఎవరన్నా ఉన్నారా అని. చెప్పుంటే ఆ కొండ నేనెక్కేదాన్ని. నాకు నోరు లేదా?"

ఆయన తల దించుకున్నాడు. అక్క అతి నెమ్మదిగా అడిగింది, "ఎలా ఉండేదిరా ఆమె గొంతు?"

చెప్పబోయాడు. శిక్షణ కేంద్రంలో ఆమె అసలు గొంతు అన్ని రోజులు విన్నాడు. ఈలలాంటి "స"తో సహా, ఏ చుట్టా కత్తిరించని నిండు గొంతు. దాన్ని ఎంత పట్టుకుందామన్నా ఇప్పుడు అందడం లేదు. చెవిలో మిగిలింది ఆ ఇరుకు గొంతొక్కటే.

"సరిగ్గా వినలేదక్కా" అన్నాడు.

అక్క ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఎండ బెంచీ మీదకి వచ్చేసింది. దూరంగా ఇంకో బస్సు మలుపు తిరుగుతుంటే, ఎక్కుదామా అని ఆమె అడగలేదు, ఆయనా లేవలేదు.